కిటికీ వెలుతురులో అత్త

తొండూరు సుధకు ఇంట్లో ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ గిట్టదు. కిటికీ తెరిచి, రీలు కెమెరాను స్టాండు మీద నిలిపి, షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాసేపట్లో కదిలినవాళ్లు చెదిరిపోతారు. పెళ్లయినప్పటి నుంచీ అత్త మునెమ్మ ఆమెను ఏ ఫొటోలోనూ నిలబడనివ్వలేదు. ఉగాదినాడు ఇంటిల్లిపాదీ ఫొటోకు నిలబడ్డప్పుడూ అంతే. “నల్లగుంటావు, పక్కకు పోయి ఫొటో తియ్యి” అంది. “రవ్వంతసేపు ఎవురూ కదలాకండి” అని చెప్పి సుధ కాచుక్కూచుంది. మునెమ్మ తల విదిలిస్తూ “యాడ చూస్తాండావే?” అని కోడలి మీద అరుస్తుండగా మీట నొక్కింది. ఫొటోలో అందరూ చక్కగా పడ్డారు, అత్త మొహం ఒక్కటే పొగలా చెదిరింది. “నా మొగమేదే?” అంది మునెమ్మ. “నోరు మూసుకోనుంటే పడేది గదత్తా” అంటూ సుధ దానికి అద్దం కట్టించి, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా గోడకు తగిలించింది.