జల్లెడకు కట్టిన వాచీ

ఒక ఉదయం మిల్లుకు వెళ్దామని మంచం దిగబోతే కుడి మోకాలు వంగలేదు. గోడ పట్టుకుని లేచాను. నా భార్య సరోజకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. "నడువు, అదే తగ్గుతది" అని ఆమెను కసురుకున్నవాణ్ణి నేనే.

సూర్యాపేటలో ఇద్దరికీ X-ray తీశారు. "Osteoarthritis. గుజ్జు అరుగుతోంది. రోజూ కొద్దికొద్దిగా నడవండి. వాపు వస్తే ఆపేయండి" అన్నారు డాక్టరు. కోదాడలో ఉండే మా అమ్మాయి ఇద్దరికీ అడుగులు లెక్కపెట్టే వాచీలు కొనిచ్చింది. ఎవరెంత నడిచారో ముగ్గురి ఫోన్లలోనూ కనబడేది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు మిషన్ల దగ్గర నా పని. నొప్పికి భయపడి ఉన్న కాస్త నడకా మానేశాను. "నాన్నా, మీకన్నా అమ్మే నయం. మీరసలు కదలట్లేదుగా" అని అమ్మాయి ఫోన్లో నవ్వింది. రోషమొచ్చింది. మరునాడు వాచీ విప్పి, వడ్లు శుభ్రం చేసే జల్లెడ చట్రానికి కట్టాను. అది ఊగినంతసేపూ నా అడుగులు పెరిగాయి.

"ఏందన్నా, జల్లెడకు గూడ మోకాళ్ల నొప్పులా?" అని హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంట్లో సరోజ ఫోన్ చూసి, "అబ్బో, గింత నడిచినవా! ఇగ నేను కూసుంటే ఏం బాగుంటది?" అని చెప్పులేసుకుని బయల్దేరేది. ఆ మెప్పు నాకు బాగుండేది. ఆమె మోకాలు ఉబ్బిన రోజు, "ఇయ్యాల వద్దులే" అన్నాను. "నీకు లేని నొప్పి నాకొక్కదానికే ఉన్నదా?" అంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

కొన్ని వారాలకు ఆమె కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయింది. MRI తీయించాం. డాక్టరు మోకాల్లోంచి సిరంజితో నీరు తీస్తూ, "కీలులో మెత్తలా ఉండే meniscus చిరిగింది. వాపు మీద ఎందుకు నడిచారమ్మా?" అన్నారు.

"మా ఆయన నడుస్తుండు గద సారూ."

వాచీని చొక్కా చేతి కిందికి తోసుకున్నాను.

ఇంటికొచ్చాక జల్లెడ సంగతి చెప్పాను. ఆమె తిట్టలేదు. "నడవబుద్ధి అయితలేదని ఒక్క మాట జెప్తే, ఇద్దరం గీడనే కూసుందుము గదా" అంది.

Physiotherapy తో నా మోకాలు మెరుగైంది. ఆమె ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లోనే తిరుగుతుంది. నేను నిజంగా నడిచొచ్చినా, ఎంత నడిచావని అడగదు.

మీ ఇంట్లో ఇద్దరికీ ఇదే జబ్బుంటే, ఒకరి లెక్క చూసి ఇంకొకరు నడవకండి. పొద్దున్నే ఒకరి మోకాలు ఒకరు తడిమి చూసుకోండి. వాపుంటే ఆ రోజుకు వాచీ తీసేయండి. నేను ఆమె మోకాలిని ఒక్కనాడూ తడిమి చూడలేదు.