కొత్త పుస్తకం మొదట ఎవరికి

మా ఆసిఫాబాద్ గ్రంథాలయం సారు కన్నుమూశారన్న సంగతి నాకు కలప డిపోలో, దుంగలకు నంబర్లు వేయిస్తున్న వేళ తెలిసింది. చెప్పినవాడు లారీ డ్రైవరు. "లైబ్రరీ సారు పొద్దుగాల పోయిండట సాబ్. బట్టల భాయి పక్కపొంటనే ఉన్నడట" అన్నాడు. మరణవార్త విన్నవాడికి మొదట దుఃఖం కలగాలి. నాకు మొదట కలిగినది ఆ రెండవ మాట మీద మంట. చివరి ఘడియలో కూడా ఆ భాయేనా! దుఃఖం తరువాత వచ్చింది. వచ్చినది ఇంకా పోలేదు.

సారు చొప్పదండి వైపువారు. పోలీసు చర్య జరిగిన కొద్దికాలానికి మా ఊరు వచ్చారు. పగలు గ్రంథాలయం నడిపి, పొద్దుగూకిన తరువాత అక్కడే లాంతరు వెలిగించి పెద్దలకు బడి చెప్పేవారు. నేను ఆ రాత్రి బడిలో అక్షరాలు దిద్ది, తల నెరిసే వయసులో మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాణ్ణి. ఈ మాట చెప్పుకోవడానికి నేను సంకోచించను. బట్టల దుకాణం భాయి అదే బడిలో నా పక్కన కూర్చునేవాడు. ఉర్దూ ధారాళంగా చదివేవాడు గాని, తెలుగు మాత్రం వరుస కింద వేలు పెట్టి, తడుముకుంటూ చదివేవాడు. పరీక్షకు కూర్చోనే లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కొత్త పుస్తకాలు ఇనుప పెట్టెలో బస్సు మీద రాసాగాయి. నవలలు సరాసరి బీరువాలోకి వెళ్ళేవి. చరిత్రలు, జీవిత చరిత్రలు మాత్రం సారు బల్ల మీద ఆగేవి. వాటికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఒకరు ముందుగా చదవాలి. ఆదివారం మధ్యాహ్నం వసారాలో నలుగురి ముందు నిలబడి, అది చదవదగినదో కాదో చెప్పాలి. అంతవరకు ఆ పుస్తకం ఎవరికీ దొరకదు. కొన్ని పుస్తకాలు పుటల అంచులు కోయకుండా, మడతలు అతుక్కునే వచ్చేవి. అందుకని సారు కొమ్ముతో చేసిన ఒక చిన్న కత్తి ఉంచుకున్నారు. ఆ కత్తి ఎవరి చేతికిస్తే వారే మొదటి చదువరి. మొదట్లో వకీలుకు, బడి పంతుళ్ళకు ఇచ్చేవారు. కడపటి ఏళ్ళలో ఎప్పుడు పెట్టె వచ్చినా కత్తి భాయికే.

చరిత్ర పుస్తకమైతే సారు అడిగే ప్రశ్న ఒకటే. "దీంట్ల వాన పడ్డదా?"

పడలేదంటే తల ఊపేవారు. "ఇన్నేండ్లు రాజ్యమేలిండు, ఒక్క వాన పడలే, ఒక్క కరువు రాలే. మరి జనం ఏం తిని బతికిండ్రయ్యా?"

జీవిత చరిత్ర అయితే ప్రశ్న మారేది. "ఈయన ఎవలనన్న చూసి కుళ్ళుకున్నడా?" లేదంటే, "అయితే మనిషిని రాయలే, బొమ్మకు రంగేసిండు" అని పుస్తకాన్ని పక్కకు జరిపేవారు.

ఒకసారి భాయి చుట్టాల పెళ్ళికని నిర్మల్ వెళ్ళాడు. ఆ పెట్టెలో ఒక రాజుగారి జీవిత చరిత్ర వచ్చింది. కత్తి నా చేతికి వచ్చింది. ఒక్క అంచు చిరగకుండా కోశాను. చదివి, ఉపన్యాసం రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాను. "ఇది సర్వజనులును చదవదగిన మహత్తర గ్రంథము" అన్నాను.

"బాగ చెప్పినవు. ఈ రాజుకు ఎవల మీద కుళ్ళయ్యా?" అన్నారు సారు.

"ప్రభువులకు అసూయ ఉండదు సార్."

"ఉండదా? మరి పక్క రాజ్యం మీదికి గన్నిసార్లు ఎందుకు పోయిండు, సుట్టపుచూపుకా?"

వసారా అంతా నవ్వింది. సారు నవ్వలేదు. "నువ్వు పుస్తకానికి దండం పెడుతున్నవు. జర దాంతోని కొట్లాడు" అన్నారు. తరువాతి పెట్టెకు కత్తి మళ్ళీ భాయి చేతికి పోయింది.

ఆ మాట నన్ను చాలాకాలం కోసింది. అయినా దాని మేలు ఒప్పుకోవాలి. ఈ మధ్య వచ్చిన పుస్తకాలలో ఒక జిల్లా చరిత్రను నేను పదిమందికీ చెబుతున్నాను. అందులో చెరువులు నిండుతాయి, తెగుతాయి. ఒక ఇల్లాలు తన జీవితం తానే రాసుకున్న పుస్తకం కూడా చదవదగినదే. తోడికోడలి గాజులు చూసి ఆమె నిద్రపోలేదట. ఈ చూపు నాకు సారు ఇచ్చినది. కత్తి మాత్రం భాయికి ఇచ్చారు.

కర్మకాండ ముగిసిన తరువాత నేను భాయి దుకాణానికి వెళ్ళి సూటిగానే అడిగాను. "ఇన్నేండ్లు కత్తి నీకే ఎందుకిచ్చిండు?"

భాయి గజంబద్ద కింద పెట్టాడు. "కూసో గుమాస్తా సాబ్. సారుకు నజర్ పోయింది. పుస్తకం మీద పేరు సుత కానరాకుండె. మద్యాన్నం గిరాకీ ఉండదు గద, ఈడికొచ్చి కూసునేటోడు. నేను సదివేటోణ్ణి. పేజీ అయిపోంగనే ఆగుదును. సారు 'ఊఁ' అంటే తిప్పుదును."

సారు కొత్త పుస్తకాన్ని అరచేతితో తడిమి చూడడం నేను ఎన్నోసార్లు చూశాను. అది పుస్తకం మీది ముద్దు అనుకున్నాను.

"నన్నడగొచ్చు గద! నేనయితే ఆగకుంట చదువుదును."

"నేను సుత గదే మాట అన్న సాబ్. 'వానికి అక్షరం సూపెట్టిన కండ్లివి. ఇవి పోయినయని వానికి తెల్వద్దు' అన్నడు సారు."

దీనితో నా మంట చల్లారి ఉంటుందని పాఠకులు అనుకోవచ్చు. చల్లారలేదు. కత్తి పోతే పోయింది. ఆ మధ్యాహ్నాలన్నీ, ఆ గొంతు, ఆ "ఊఁ", అన్నీ భాయికే దక్కాయి. నాకు దక్కినది ఆయన దాచుకున్న సిగ్గు. అది ప్రేమేనని నాకు తెలుసు. తెలిసినా భాయిని చూస్తే కడుపు మండుతూనే ఉంది. ఈ స్మృతిలో ఆ సంగతి వదిలేస్తే సారు దీన్నీ పక్కకు జరిపేవారు.

మొన్న ఆదివారం వసారాలో అందరం చేరాము. సారు పోయాక వచ్చిన పెట్టెలో ఒక చరిత్ర ఉంది. ఎవరూ చెప్పకుండానే భాయి కత్తి తీసి అంచులు కోశాడు, ఇంటికి తీసుకుపోకుండా అక్కడే వేలు పెట్టి పైకి చదవసాగాడు. సారు కుర్చీ ఖాళీగా ఉంది. పేజీ చివరికి వచ్చి ఆగాడు. వేలు చివరి అక్షరం మీదే ఉంది. వకీలు దగ్గబోయి ఆపుకున్నాడు. "ఊఁ" నా గొంతు దాకా వచ్చింది. అది నాది కాదు. మింగేశాను.

అంతలో పైన రేకుల మీద చినుకులు టపటప రాలాయి. భాయి తల ఎత్తి విన్నాడు. పేజీ తిప్పాడు.