నర్సవ్వ వేలిముద్ర

మొన్న కుంభారి బస్సులో పక్కసీటు ఆమె సంచిలోంచి తడి తునికాకు వాసన వచ్చింది. ఆ వాసన ఎక్కడ తగిలినా, మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో మా పక్కింటి నర్సవ్వే గుర్తొస్తుంది.

అవి ఎనభైల నడిమి ఏళ్లు. అమ్మా నాన్నా పనికి పోతే, పవర్‌లూమ్‌ల చప్పుడుకు గోడలు అదిరే ఆ ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ నేను నర్సవ్వ ఇంట్లోనే గడిపేవాణ్ణి. ఆమె గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీ చుట్టి దారం కడుతుండేది. బతుకమ్మ పండుగకు ఆమె నా నోట్లో పెట్టిన మలీద ముద్దకు కూడా, నెయ్యి బెల్లాలతో పాటు, ఆమె వేళ్ల తంబాకు ఘాటు అంటుకుని ఉండేది. లోపలి గదిలో ఆమె కొడుకు రాజేశం గుంత మగ్గం ఖాళీగా ఉండేది. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే చల్లటి ఆ గుంతలో దిగి, గోలీలు పరుచుకుని, నాతో నేనే ఆడుకునేవాణ్ణి.

రాజేశం జైల్లో ఉన్నాడు. ఒక కొట్లాటలో ఆయన కొట్టిన దెబ్బకు మనిషి చనిపోయాడు. యావజ్జీవం పడింది.

నాకు పదేళ్లప్పుడు ఒక పోలీసాయన వచ్చాడు. రాజేశం జైల్లో బుద్ధిగా ఉన్నాడని, ముందుగా వదిలే ఆలోచన ఉందని, తల్లి ఇంట్లో ఉంచుకుంటుందా అని మరాఠీలో అడిగాడు. నర్సవ్వకు తెలుగు తప్ప రాదు. మగవాళ్లంతా కార్ఖానాల్లో ఉన్నారు. మరాఠీ బడికి పోయే నన్నే చెప్పమన్నారు. ఆమె పంపమంది, చేతులు జోడించింది. కొడుకు వస్తే ఆ గుంత నాది కాకుండా పోతుందన్నదొక్కటే నాకు తోచింది. ఆమెకు భయమట, వద్దంటోంది అని మరాఠీలో చెప్పాను. ఆ జోడించిన చేతుల్ని కూడా పోలీసాయన భయమే అనుకున్నాడు. రాసుకున్న కాగితం మీద నర్సవ్వ కళ్లు తుడుచుకుంటూ వేలిముద్ర వేసింది. మర్నాడే సున్నం తెచ్చి కొడుకు గదికి వేసుకుంది.

రాజేశాన్ని వదల్లేదు. నీ తల్లే వద్దందని జైల్లో చెప్పారట. ఆమె ములాఖత్‌కు పోతే, చూడనని కబురు పంపాడు.

"నేనేం తప్పు చేసిన బిడ్డా, నా మొఖం సూడనంటడు?" అని వచ్చి నన్నే అడిగింది. నేను గుంతలోకి దిగి గోలీలు పరుచుకున్నాను.

కొన్నేళ్లకు ఆమె పోయింది. ఆ తర్వాతెప్పుడో జైలువాళ్లు వదిలితే రాజేశం వచ్చాడు. కన్నతల్లే కాదన్నవాడని గల్లీ అంతా అనుకుంది. అప్పటికి నేను పెద్దవాణ్ణే. అయినా నోరు తెరవలేదు.

మొన్న ఆ బస్సులో పోయింది ఆయన దగ్గరికే. కుంభారిలో ఒక్కడే ఉంటున్నాడు. అంతా చెప్పాను. తిట్టలేదు. ఒకటే అడిగాడు.

"మా అవ్వ ఏమన్నదో, అన్నది అన్నట్టు చెప్పు."

"జల్ది పంపమను బిడ్డా. నా కొడుకు నా ఇంట్ల ఉండక ఏడుంటడు?"

ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

జోడ్‌భావి పేట్‌లో ఇప్పుడు ఆ ఇల్లు లేదు, గుంత మగ్గాలూ లేవు. ఆ మాట అన్న మనిషీ లేదు. అర్థమై విన్నది నేనొక్కణ్ణే. ఇన్నేళ్లూ దాన్ని ఆయనకు దక్కనివ్వలేదు.