నా భుజమ్మీద సమ్మక్క నాయిన తుపాకి

ఒక్క తుపాకితో, ఒక్క గుండూ పేల్చకుండా, బజారునంతా నేలమీద పడుకోబెట్టిన వీరుణ్ణి నేను. నవ్వకండి. ఆ ఘనకార్యానికి జైలు తప్పడమే గొప్ప.

జూలూరుపాడు దాటాక, అడవి అంచున ఒక బడిలో కొత్తగా సారునయ్యాను. క్రమశిక్షణ పని నాకప్పగించారు. కోతికి కొబ్బరికాయ దొరికితే కాయనే కొరుకుతుంది. నాకు పెత్తనం దొరికితే పిల్లల్ని కొరికాను.

ఒక పొద్దున పదో తరగతి గది మూలన, చీపుర్ల పక్కన, మందు దట్టించే పాత తుపాకి నిలబడి ఉంది. తాటిచెట్టంత! సరే, నా గడ్డం దాకా. కానీ ఆ నల్లటి గొట్టం ముందు నాకు చెప్పులు విప్పాలనిపించింది.

"ఎవరిదిరా ఇది?"

సమ్మక్క లేచింది. "మా నాయిన ముత్తయ్యది సార్. ఎలక్షన్లు గదా, పొద్దుగూకకముందే ఠాణాల అప్పజెప్పాలె. నాయినకు జరం. పరీక్ష రాసి పోదామని తెచ్చిన."

అక్కడ చేను కాపలాకు లైసెన్సు తుపాకులుండేవి. ఎన్నికలప్పుడు గడువులోగా అప్పజెప్పకపోతే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే మక్కచేను అడవిపందుల పాలు.

"బడికి తుపాకి తెస్తే చట్టం ఊకుంటదా? నేనే తీస్కపోయి పట్టిస్త!"

"సార్, లైసెన్సు గూడ తీస్కపోండ్రి..."

"చట్టం నాకు నేర్పుతవా? కూసో!"

తుపాకి భుజాన వేసుకుని బజారెక్కాను. బస్సులన్నీ ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే అక్కడున్నది ఒకటే బస్సు. అదీ చెడిపోయి ముందే ఆగి ఉంది. కానీ జనం నోళ్లు తెరిచి చూశారు, ఒట్టు!

ఠాణా గేటు దగ్గరి కానిస్టేబుల్‌కు ఏం కనిపించిందో ఊహించండి: అడవి అంచు, ఎన్నికల వేళ, మీసాలవాడు, తుపాకి! తన రైఫిలెత్తి అరిచాడు.

"చేతులెత్తు!"

ఎత్తాను. తుపాకితో సహా.

వెనక బజారంతా గాలివానకు వరిచేను వాలినట్టు ఒరిగింది. నిలబడి ఉన్నది నేనూ, ఆ చెడిపోయిన బస్సూ.

లోపల ఎస్సై అడిగాడు: "లైసెన్సేది సారూ?"

"నాది గాదు సార్. బడికి..." నాలుక కరుచుకున్నాను.

"బడికా? ఎవరు తెచ్చిన్రు? చెప్పుండ్రి, కేసు రాస్త."

పేరు చెబితే పిల్ల మీద కేసు, తండ్రి లైసెన్సు గోవిందా. చెప్పకపోతే నేను లోపల. నా చట్టం నా గొంతులోనే చేపముల్లై కూర్చుంది.

"బడికెవరూ తేలే సార్. ముత్తయ్యకు జరమొస్తే నేనే మోసుకొచ్చిన."

చూస్తే గుమ్మంలో రొప్పుతూ సమ్మక్క, చేతిలో లైసెన్సు. అంతా విన్నది. రెప్ప వాల్చకుండా అంది: "అవ్ సార్. మా సారు శానా మంచోడు. అడగకున్నా మోస్తడు."

ఈసారి ఆ పిల్ల ముందు చెప్పులు విప్పాలనిపించింది.

ఎస్సై మా ఇద్దరికంటే ముదురు. తుపాకి జమచేసుకుని, నవ్వకుండా అన్నాడు: "సోమవారం నేనే మీ బడికొచ్చి తుపాకుల చట్టం చెప్త. మీరు గూడ నా పక్కన నిలవడుండ్రి."

వచ్చాడు. బడంతా ఊపిరి బిగబట్టి విన్నది. చివర్న నన్ను పిల్లల వైపు తిప్పి చూపించాడు: "లైసెన్సు లేకుండ తుపాకి వట్టినోడు ఎట్లుంటడో ఎరికేనా? గిట్లుంటడు!"

కాబట్టి పాఠకులారా, గోదారి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ భుజమ్మీదికి కండువా తప్ప మరేదీ ఎక్కనివ్వను. గొడుగైనా సరే, చంకలోనే.