గోపాలయ్య చొక్కా మీదికెక్కిన గోడ

ఉదయగిరి కోటను పట్టడానికి రాజులకే ఏనుగులూ ఫిరంగులూ కావాల్సొచ్చినాయి. అదే ఉదయగిరి నుంచి ఆత్మకూరుకొచ్చి, బాడుగింట్లో జాకెట్లు కుట్టుకునే రెబెకమ్మ మాత్రం ఇంటి ఓనరు గోపాలయ్యను ఒకే ఒక్క స్టూలుతో పట్టేసింది. నమ్మకపోతే పోయి చూసుకోండి, ఆ స్టూలు ఇంకా ఉండాది.

రెబెకమ్మ కుట్టిన జాకెట్టు తొడిగితే గూని మనిషి కూడా నిటారుగా నిలబడుతుందని పేరు. సంగం నుంచీ కలువాయి నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్లు. అట్లాంటి గిరాకీకి గోడ అడ్డం పడింది. వానలు మొదలైతే చాలు, గోడకు చెమ్మ దిగి నల్లగా బూజు పట్టేది. సాయంత్రం తుడిస్తే పొద్దునకు మళ్లీ మొలిచేది. ఇంకొన్నాళ్లు వదిలుంటే కోతకొచ్చేదే! ఆ వాసన గుడ్డలకు పాకింది. సంగం పెళ్లివాళ్లు పట్టు జాకెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందమ్మా, పాతాళంలో కూర్చుని కుట్టినావా?" అన్నారు. వాళ్ల చిన్నపిల్ల పెళ్లి జాకెట్లు ఇంకా కుట్టాల్సి ఉన్నాయి. వాటి మీద ఒక్క మచ్చ పడినా బస్సులో వచ్చిన గిరాకీ బస్సులోనే పోతుందని రెబెకమ్మ భయం.

గోపాలయ్యకు చెప్పింది. చెప్పులు విప్పడానికి బద్ధకించి ఆయన వీధిలో నిలబడే తీర్పిచ్చినాడు.

"కిటికీలు మూసుకుని లోపలే ఇస్త్రీ చేస్తావు, లోపలే తడిగుడ్డలు ఆరేస్తావు. గోడకు ఊపిరాడాల గదమ్మా! నీ బూజు నువ్వే తుడుచుకో."

"కిటికీలు తెరుస్తాలే అన్నా. మిద్దె మీద నీ ట్యాంకు పొంగి గోడెంబడే కారతా ఉండాది, దాన్నేం చేస్తావు?"

"నాయి రాతి గోడలు! చెమ్మ దిగే రకం కాదు."

రెబెకమ్మ కిటికీలు తెరిచింది. తడిగుడ్డలు దొడ్లో ఆరేసింది. బూజు మాత్రం కదల్లా.

అంతలో ఆమె ఇంట్లో కూడిక వచ్చింది. బాప్టిస్టు సంఘం వాళ్లు వారానికొక ఇంట్లో కలిసి పాటలు పాడి ప్రార్థన చేసుకుంటారు. ఓనరును కూడా పిలవడం మర్యాద. మున్సిపల్ ఎలక్షన్లు దగ్గరకొస్తున్నాయి, నలుగురు కలిసే చోటు గోపాలయ్య వదలడు. గంజి పెట్టిన తెల్లచొక్కాతో, ఊళ్లో ఇంకో పెళ్లికి పోతూ పోతూ దిగినాడు. కరెంటు లేదు, కొవ్వొత్తుల వెలుగే. అందరూ చాపల మీద కూర్చుంటే పెద్దమనిషికి స్టూలు, అదీ గోడకు ఆనించి. ఆయన హాయిగా వెనక్కి వాలి, పాటలకు తలూపి, పాస్టరు దయాసాగర్ ప్రార్థన చేస్తుంటే ఒక కునుకు కూడా తీసినాడు.

అటునుంచి అటే పెళ్లికి పోయినాడు. భోజనాల దగ్గర వెనక పంక్తిలోనుంచి పక్కవీధి కామయ్య అరిచినాడు:

"అన్నా, నీ వీపు మీద సోమశిల డ్యామెవరు గీసినారు?"

పంక్తులన్నీ తిరిగి చూసినాయి. నడుమ నల్లటి నీళ్లు, చుట్టూ వాగులు, వంకలు.

"ఎవరింట్లో ఆనుకున్నావన్నా, ఇంత బూజు?"

గోపాలయ్య నోట్లో లడ్డు అట్లనే ఉండిపోయింది. "మా ఇంట్లోనే," అనాల్సొచ్చింది.

మర్నాడే మేస్త్రి వచ్చి ట్యాంకు పొంగకుండా చేసి, గోడ చెక్కి, కొత్తగా పూసిపోయినాడు. సంగం పెళ్లి జాకెట్లు ఆ గోడ పక్కనే తయారైనాయి. వాటి దగ్గర పసుపు వాసన తప్ప ఇంకో వాసన లేదు.

ఓనరును ఆ గోడకు ఆనించడానికి రెబెకమ్మ నెలల తరబడి పథకమేసిందని, కరెంటు కూడా ఆమే తీయించిందని ఆత్మకూరు బస్టాండంతా చెప్పుకుంటుంది. ఆమెను అడిగితే మిషను తొక్కడం ఆపకుండానే అంటుంది:

"పథకమా పాడా! ఇంట్లో ఉండేది ఆ ఒక్క స్టూలు. దానికి కాలొకటి విరిగుండాది. గోడకు ఆనించకపోతే నిలబడదు."