కెమెరా ముందు మిరపకాయలు

"కెమెరా ఆగిందంటే మాత్రం నేనక్కడ కూచోలేనే, వచ్చేస్తా," అని చెప్పి మా ఆయన ఓట్ల లెక్కింపుకి ముందురోజు నరసరావుపేటలో మేనమామ ఇంటికి వెళ్లిపోయాడు. రెంటచింతల దగ్గర మా ఊళ్లో అది మామూలే. పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చున్న మగవాడు లెక్కింపు నాటికి ఊళ్లో ఉండడు. అవతలివాళ్లు గెలిస్తే చేతికి దొరక్కూడదని ఏ చుట్టాలింటికో పోతాడు. ఇంటికి కాపలా ఆడవాళ్లం. ఆడవాళ్ల జోలికి రారని ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని పుట్టించిన మహానుభావుడెవరో ఆ రోజు వచ్చి మా వసారాలో కూర్చుని ఉంటే బాగుండేది.

వెళ్లేముందు ఆయన వసారాలో చిన్న కెమెరా ఒకటి బిగించాడు. అది ఇంటర్నెట్ మీద నడుస్తుంది. నరసరావుపేటలో కూర్చుని ఫోన్‌లో మా గుమ్మం చూసుకోవచ్చు, మాట కూడా వినపడుతుంది. మా ఇంట్లో సెల్ సిగ్నల్ ఎప్పుడూ అంతంతమాత్రమే. ఫోన్ మాట్లాడాలన్నా ఆ ఇంటర్నెట్టే దిక్కు.

ఆ ఇంటర్నెట్ కథ కూడా చెప్పాలి. ఇంటింటికీ వైరు అని ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది. తర్వాతది వచ్చి పడుకోబెట్టింది. మళ్లీ ఇంకోటి వచ్చి లేపింది. దేశమంతటినీ కలిపే వైరని మీటింగుల్లో గొంతు చించుకున్నారు. తీరా మా ఊళ్లోకి వచ్చేసరికి అదంతా ఒక మనిషి ముందుగదిలో తేలింది. కేబుల్ టీవీ నడిపే అతనికే ఇదీ ఇచ్చారు. మా వీధి చివరి ఇల్లే, వరసకి అన్నా అని పిలుస్తాను, కానీ అవతలి పార్టీ. వాళ్లవాళ్లందరికీ కనెక్షన్లు అయ్యాక, మా ఆయన చెప్పులరిగేలా తిరిగాక మాకిచ్చాడు. మా ఇంటికొచ్చే లైను అతని గోడ మీది స్విచ్చు దాటి రావాలి. అది తెలిసి కూడా ప్రాణాలన్నీ ఆ కెమెరా మీదే పెట్టుకున్నాం, అదీ మా తెలివి.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికి మేం ఓడిపోయామని తేలిపోయింది. ఊరంతా టపాకాయల మోత. హాల్లో టీవీ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని కింది ఇంటర్నెట్ డబ్బా వంక చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది. లైను పోయింది. ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. డాబా ఎక్కితే దొరుకుతుందేమో గానీ, పక్క డాబాల నిండా జెండాలు పట్టుకున్నవాళ్లే.

నాకు భయం పట్టుకుంది. మా మీద రాళ్లేస్తారని కాదు, ఆయన వచ్చేస్తాడని. ఊరి మొదట బస్సు షెల్టరు కాడ కర్రలు పట్టుకుని కూర్చున్నారని పొద్దున్నే తెలుసు. వాళ్లు కూర్చున్నది ఆయనలాంటివాళ్ల కోసమే. బండేసుకుని బయల్దేరాడంటే పొద్దుగూకేలోపు నేరుగా వాళ్ల చేతుల్లో పడతాడు.

నేను చెప్పులేసుకోవడం చూసి మా అత్తమ్మ అడ్డం వచ్చింది. "ఏడకే పొయ్యేది? తలుపేసుకుని కూచో."

"కూచుంటే మీ కొడుకొస్తాడు అత్తమ్మా."

ఆమె పక్కకి జరిగింది.

పెరటి దారిన, గొడ్ల కొట్టాల వెనకనుంచి ఆ కేబుల్ అతనింటికి వెళ్లాను. అతను ఒళ్లంతా రంగు పూసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. నన్ను చూసి గబగబా లోపలికి రమ్మన్నాడు.

"నెట్ ఆపావా అన్నా?"

"కెమెరాలున్న ఇళ్లన్నిటికీ ఆపమన్నారమ్మాయ్. నాదేం లేదు ఇందులో."

"కెమెరా ఆగితే ఆయన వచ్చేస్తాడు. షెల్టరు కాడ ఎవరున్నారో నీకు తెలవదా?"

తెలుసు. అక్కడున్నవాళ్లలో అతని తమ్ముడూ ఒకడు. జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టబోయాడు. "నా ఫోన్లో మాట్లాడు. బాగున్నామని చెప్పు."

"నీ ఫోన్లో నా గొంతు ఇంటే ఇంకా తొందరగా వస్తాడన్నా. మీరే నాతో మాట్లాడిస్తన్నారనుకుంటాడు."

అతని ముఖం మాడిపోయింది. పండగకీ పబ్బానికీ వాళ్లింటి నుంచి మాకు గిన్నెలొస్తాయి. అలాంటి మనిషిని పట్టుకుని అనాల్సిన మాట కాదు. కానీ అబద్ధమూ కాదు.

"సరే, ఇస్తా," అన్నాడు చివరికి. "కెమెరా మాత్రం ఈది వైపు ఉండగూడదు. ఇంట్లోకి తిప్పుకో. ఈదిలో మనిషనేవాడు అందులో కనపడ్డాడంటే నా పీకల మీదికొస్తది."

పరుగున ఇంటికొచ్చి, వసారాలో కెమెరా ఊడదీసి హాల్లో ఫ్రిజ్ మీద పెట్టాను. ఎర్ర లైటు ఆరింది. కారం పట్టించడానికి ఉంచిన మిరపకాయల బస్తా లాక్కొచ్చి, కెమెరాకి ఎదురుగా చాప మీద పోసుకుని తొడిమలు తీయడానికి కూర్చున్నాను. అత్తమ్మని వంటింట్లోంచి రావద్దన్నాను, ఆమె ఏడుపు ఆపుకోలేదు. టీవీలో ఏదో సీరియల్ పెట్టి సౌండు పెంచాను.

కాసేపటికి వచ్చారు. మొదటి రాయి వీధి గేటు మీద పడింది, తర్వాతిది వసారా రేకుల మీద. ఆయన పేరు పెట్టి బూతులు. తలుపు మీద కర్రతో బాదుతుంటే గడియ ఎగిరెగిరి పడుతోంది. అటు తిరిగి చూస్తే ఆయనకి తెలిసిపోతుంది. సీరియల్ చూసి నవ్వుతున్నట్టు నవ్వాను. ఒకసారి కెమెరా వంక చూసి, అన్నం తిన్నావా అని చేత్తో సైగ కూడా చేశాను. ఆ గడియ ఊడితే నా ముఖం ఎలా పెట్టుకోవాలి అన్నదొక్కటే ఆలోచన. చీకటి పడుతుండగా వాళ్లు ఇంకో వీధికి పోయారు. నేను మాత్రం లేవలేదు.

మర్నాడు పోలీసులు వచ్చి, కెమెరా ఉందటగా, ఎవరొచ్చారో చూపించమన్నారు. చూపించాను. ఆసాంతం నేను మిరపకాయల ముందు కూర్చుని నవ్వుతున్నాను.

ఊళ్లో పోలీసు పికెట్ పెట్టాక ఆయన వచ్చాడు. అన్నం పెడుతుంటే నెమ్మదిగా అన్నాడు:

"ఏమే, ఆ రోజు తొడిమలు తీసిన కాయల్నే మళ్లీ మళ్లీ తిప్పావు గదే. ఫోన్లో పెద్దది చేసి చూశా."

నా చెయ్యి ఆగిపోయింది. "మరెందుకు రాలేదు?"

"బండి తాళం చేతిలోనే ఉంది. రెండుసార్లు గేటు దాకా పోయా." అన్నం కలుపుతూ తల ఎత్తలేదు. "నువ్వు అంతసేపు నవ్వుతా కూచుంది, నేను రాకూడదనే గదా."

నేను లేచి, ఫ్రిజ్ మీదున్న కెమెరా మీద తువ్వాలు కప్పి, అప్పుడు ఏడ్చాను.