రవ్వ ఎవల బిడ్డ?

దావత్‌కు పోతే ఎవరైనా ముందు ఇంటివాళ్లను పలకరిస్తారు. శంషాబాద్ పక్క పల్లెలో ఉండే కుర్మయ్య మాత్రం తిన్నగా వంటల టెంటులోకి పోయి, గుండిగ మూత తీసి, "గిండ్ల గోధుమ తగిలిందా?" అని అడుగుతాడు. పెళ్లయినా అంతే, దినాలైనా అంతే. పన్నెండేళ్లుగా ఆయన ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాడు.

ఆ అడిగేదేదో మెల్లగా అడిగినా కొంత నయం. ఆయన ఇల్లు విమానాలు దిగే దారి కింద ఉంది. ఆ మోతను మించి మాట్లాడటం అలవాటైపోయి, విమానం లేనిచోట కూడా అదే గొంతు. ఆయన వంటవాణ్ణి అడిగితే ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్లు జవాబు చెప్పిన సందర్భాలున్నాయి.

పోనీ జవాబు విని ఊరుకుంటాడా అంటే అదీ లేదు. "గోధుమ లేదన్నా, మైదనే" అన్నాడొక వంటాయన పాపం. కుర్మయ్య అక్కడే నిలబెట్టి వంశమంతా విప్పాడు. "మైద ఎవల బిడ్డ? గోధుమ బిడ్డనే గద. సేమియ ఎవల బిడ్డ? ఇంటిపేరు మార్చుకుంటే పుట్టుక మారుతదా?" ఆ వంటాయన అప్పటినుంచి కుర్మయ్య కనబడితే చాలు, గరిటె పక్కవాడి చేతికిచ్చి నీళ్లు తాగడానికి పోతాడు.

చిన్ననాటి స్నేహితుడు సఖావత్ ఒక రంజాన్‌కు ప్రేమగా హలీం తెచ్చిస్తే దాన్నీ వదల్లేదు. "గిండ్ల గోధుమ తగిలిందా?" సఖావత్, "తగులుడేంది కుర్మయ్యా. హలీమంటేనే గోధుమ, మటన్ గోష్" అన్నాడు. మరుసటేడు నుంచి హలీం మానేసి ఖుబానీ కా మీఠా అనే తీపి పంపిస్తూ, గిన్నె మీద భార్య మైమూనా చేత "గోధుమ లేదు" అని చీటీ కూడా రాయించి అతికిస్తున్నాడు.

కుర్మయ్య తమ్ముడి కూతురు సంతోషికి పెద్దబాపు అంటే ప్రాణం. అయినా మొన్న మహేశ్వరంలో ఆయన్ను చూడగానే ఆమె గుండె జారిపోయింది. వంట ఆర్డర్లు పట్టడం మొదలుపెట్టాక ఆమెకు అదే మొదటి పెద్ద దావత్. మాధవీలత మనవడి పుట్టెంట్రుకలు, మూడువందల మంది. మాధవీలత తమ్ముడు జగన్ కొత్తూరులో ఫ్యాక్టరీ క్యాంటీన్ చూస్తాడు. ఈ వంట నచ్చితే ఆ క్యాంటీన్ సంతోషికే ఇస్తానన్నాడు. పేరొస్తే ఇవాళే రావాలి, పోతే ఇవాళే పోతుంది.

"పెద్దబాపూ, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల జర ఏమడగకు."

"అడగనే అడగ బిడ్డా," అంటూనే గుండిగ మూత తీశాడు. "గిండ్ల గోధుమ తగిలిందా?"

టెంటంతా తిరిగి చూసింది. జగన్ కూడా చూశాడు.

"లేదు. బగారన్నం, మటన్, పప్పుచారు. పూరీలు నువ్వెట్లాగు తినవు."

"గా కేసరి?"

"అది రవ్వ."

"రవ్వ ఎవల బిడ్డ?"

సంతోషి కేసరి గిన్నె మీద మూత పెట్టేసింది.

"పప్పుచార్ల ఇంగువ ఏసినవా? డబ్బ తే."

డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని రాసి ఉంది. ఇంగువలో కూడా గోధుమ దాక్కుంటుందని సంతోషికి ఇన్నాళ్లూ తెలియదు. "గంత రోగమున్నోళ్లు ఇంట్ల తిని రావాలె" అని మాధవీలత వినబడేటట్టే అంది.

సంతోషి చిన్న గిన్నెలో ఇంగువ లేకుండా పప్పుచారు విడిగా కాచింది. ఆ సంగతి చెబుదామని పెద్దబాపును వెతుక్కుంటూ టెంటు వెనక్కి పోయింది. నీళ్ల డ్రమ్ముల చాటున కుర్మయ్య పూరీలు తింటున్నాడు. మటన్ షేర్వాలో ముంచుకుని, కళ్లు మూసుకుని మరీ తింటున్నాడు. పక్కన సఖావత్ కాపలా ఉన్నాడు, కాకపోతే తప్పు దిక్కుకు చూస్తున్నాడు.

"ఏంది పెద్దబాపూ ఇది?"

"మెల్లగ బిడ్డా," అన్నాడు కుర్మయ్య. ఆ గొంతు అంత మెల్లగా రాగలదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నీకు గోధుమ పడదంటివి?"

"నాకు రాళ్లు గూడ అరుగుతయి. పడంది మీ పెద్దమ్మకు."

పెద్దమ్మ అంటే శివమ్మ. పన్నెండేళ్ల కింద దవాఖానలో డాక్టరు ఆమెను గోధుమ ముట్టవద్దన్నాడు. ఇంట్లో జొన్నరొట్టెతో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా దావత్‌లలోనే. మొదటిసారి ఆమె నోరు తెరిచి అడిగితే, "ముసల్దానికి కొత్తగ నకరాలొచ్చినయి" అని ఆడవాళ్లు నవ్వారు. మొహమాటానికి పెట్టిందంతా తిని నాలుగు రోజులు మంచం పట్టింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా గడప దాటలేదు.

"నలుగుర్ల కూసోని తినుడంటే ఆమెకు పానం. అందుకే రోగం నాదని చెప్పిన. నన్ను పిచ్చోడంటరు, అననీ. నాకు పెట్టిందే నా పక్కన కూసోని తింటది."

"మరి ఈ పూరీలు?"

కుర్మయ్య నేల చూశాడు. "నువ్వు తినంది నేను తిననని ఆమెకు మాటిచ్చిన. ఇంట్ల అట్లనే ఉంటున్న. దావత్‌లనే జర... చెప్పకు బిడ్డా."

సంతోషి కొంగుతో మొహం తుడుచుకుని బంతి దగ్గరికొచ్చింది. చిన్న గిన్నె పైకెత్తి, అచ్చం పెద్దబాపు గొంతుతో, "గిండ్ల గోధుమ లేదు. కడుపుకు పడనోళ్లకు వేరే చేసిన, ఎవలికన్న కావాల్నా?" అంది. అప్పటికే బంతిలో శివమ్మ పక్కన వచ్చి కూర్చున్న కుర్మయ్య చెయ్యెత్తాడు. ఆ వెనక మూల నుంచి ఒకామె బెదురు బెదురుగా చెయ్యెత్తింది. జగన్ ఆ చెయ్యి చూశాడు. "మా క్యాంటీన్ల గూడ గిట్ల తిననోళ్లు ముగ్గురున్నరు. అడిగితే చెప్పేటోళ్లు లేరు. సోమవారం రా అక్కా," అన్నాడు.

సంతోషి ఆ సంతోషంలోనే వడ్డిస్తూ శివమ్మ దగ్గరికొచ్చింది. పక్కన కుర్మయ్య పూరీల పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి, "నా కడుపుకు పడది" అని బంతంతటికీ వినిపిస్తున్నాడు. శివమ్మ పప్పుచారు కలుపుకుంటూ సంతోషిని వంగమని సైగ చేసింది.

"ఎనక ఎన్ని తిన్నడే?"

"ఏంది పెద్దమ్మా?"

"పూరీలు. అవెన్నో ఎరుకైతే ఇంటికి పోయినంక వాము ఎంత నూరాల్నో తెలుస్తది."

సంతోషి ఇక దాచలేకపోయింది. "ఆరు."

"ఆరేనా," అని శివమ్మ మొగుడి మొహం ఒకసారి చూసింది. "నేను చెయ్యి కడుక్కునే కాడ జర ఆలస్యం చేస్త. ఉడుకుయి ఇంకో రెండు ఇయ్యి పో."